జోడు కాలు

“లాగుడు,” అంది ఎస్తేరు.

పచ్చ తెరకు అవతల డాక్టర్ పురంధర్ చేతిలోని మీట ఒక్క గీత ముందుకు జరిగింది.

“లాగుడు... లాగుడు... ఆగండి. మంట.”

మీట ఆగింది. కొంచెం వెనక్కి వచ్చి, పక్కకు తిరిగి, మళ్ళీ కదిలింది.

“ఆ, ఇప్పుడు లాగుడు.”

తెర అవతలి బల్ల మీద మగతగా పడుకున్నది ఒక సిమెంటు ఫ్యాక్టరీ గుమాస్తా. అతని తొడలోని ధమని జానెడు మేర పూడిపోయింది. ఆ పూడికలోకి బియ్యపుగింజంత మర ఒకటి దారి తొలుచుకుంటూ పోతోంది. పోయినంత మేరా వెనుక సన్నటి తొడుగు పరుస్తోంది. రెండేళ్ళలో తొడుగు కరిగిపోతుంది, దారి మిగులుతుంది. ఆ మరను ఈ రక్తనాళాల చికిత్స కేంద్రంలో అందరూ గింజ అనే పిలుస్తారు.

చిక్కంతా గింజకు దారి చూపడంలోనే ఉంది. పూడిన నాళంలో రంగు మందు పారదు కాబట్టి ఎక్స్‌రేలో అక్కడ ఏమీ కనపడదు. గింజ పూడికలోనే ఉందా, తప్పిపోయి నాళం గోడను చీలుస్తోందా అన్నది ఒక్క ఆ కాలికే తెలుస్తుంది. సరైన దారిలో పోతే పిక్క లాగుతుంది. గోడకు తగిలితే మండుతుంది. కానీ కాలిని మేలుకొని ఉండనిస్తే నొప్పికి ఎగిరిపడుతుంది. అందుకని దాన్ని మొద్దుబార్చి, అది పడవలసిన నొప్పిని నరం దగ్గరే పట్టి, తీగల మీదుగా తెర ఇవతలికి పంపి, ఇంకొక కాలి మీద పలికిస్తారు.

ఆ ఇంకొక కాలు ఎస్తేరుది. మోకాలి దాకా తీగలు అల్లిన మేజోడు తొడుక్కుని, రెండో బల్ల మీద పడుకుని, రెండే మాటలు చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని కేంద్రంలో జోడు అంటారు. జోడు ఉన్న సంగతి రోగికి చెప్పరు. చెబితే కొందరు ఒప్పుకోరు.

ఇరవై రెండు నిమిషాల్లో పని ముగిసింది. గుమాస్తాను బయటికి తోసుకుపోయాక ఎస్తేరు మేజోడు విప్పి, చెప్పులు వేసుకుని, వరండాలోకి వెళ్ళింది. ప్రతి కేసు తర్వాతా ఆమె అక్కడ నడవాలి. పదిహేను మీటర్లకు ఒకటిగా స్తంభాలున్న పొడుగాటి వరండా అది. ఆమె నడుస్తుంటే పురంధర్ కాగితం పట్టుకుని వెంట నడిచాడు. ఒకచోట పిక్క పట్టేసింది. ఆగింది.

“రెండు వందల ముప్ఫై రెండు,” అన్నాడు పురంధర్. కాగితం మీద రాసుకున్నాడు.

ఈ కేసుకు ముందు ఆమె ఆగకుండా నడవగలిగింది రెండు వందల నలభై నాలుగు మీటర్లు. అరవయ్యో కేసు ఆమె దగ్గర పన్నెండు మీటర్లు తీసుకుంది.

ఒకప్పుడు ఎస్తేరు ఇరవై కిలోమీటర్ల నడక పందేలలో రాష్ట్రం తరఫున పాల్గొంది. పిక్కలో పుట్టే నొప్పిని పొర పొరగా విడదీసి చెప్పగలిగే మనిషి కావాలని కేంద్రం వెతికినప్పుడు, ఆమె కాలు పరీక్షలో మిగతా అందరి కాళ్ళనూ ఓడించింది. శిక్షణకు రెండేళ్ళు పట్టింది. ఆమెతో పాటు నేర్చుకున్నవాళ్ళలో ఒకతను తొమ్మిదో కేసుకు మానేసి బళ్ళారి వెళ్ళిపోయాడు. ఇంకొకామె పద్నాలుగో కేసు దాటలేదు. ఎస్తేరుకు మాత్రం నలభై కేసుల దాకా ఏమీ కాలేదు. నలభై ఒకటో కేసు తర్వాత వారం రోజులకు, ఎప్పుడూ నడిచే దారిలో, ఆమె కాలు ఆగిపోయింది.

స్కానింగులు తీశారు. నాళాలు పసిబిడ్డ నాళాల్లా ఉన్నాయి. రక్తం ఉరకలేస్తోంది. కాలికి జబ్బేమీ లేదని, మెదడు మాత్రం నొప్పిని నేర్చేసుకుందని పురంధర్ చెప్పాడు. నేర్చుకున్నదాన్ని మరిపించే మందు లేదు. ఒక్క లెక్క మాత్రం తేలింది: రోగి ఎంత తక్కువ దూరం నడవగలిగితే అతని నొప్పి అంత ముదిరినది, అది ఎస్తేరును అంత ఎక్కువగా తింటుంది. మూడు వందల మీటర్లు నడిచే రోగి పది పన్నెండు మీటర్లతో పోతాడు. రెండు వందల లోపు వాళ్ళను ఎస్తేరు దగ్గరికి తీసుకురాకూడదని పురంధర్ నియమం రాసిపెట్టాడు. అటువంటి వాళ్ళను కోత ఆపరేషన్‌కు కర్నూలు పంపించేవాడు.

నంద్యాలలో ఆమె ఉండేది ఒక్కతే. మూడు గదుల ఇల్లు. పాలబూత్ డెబ్బై మీటర్లు. కిరాణా కొట్టు నూట పది. స్కూలు గ్రౌండు గేటు నూట తొంభై. చర్చి నాలుగు వందలు. చర్చి పోయిన ఏడాదే చేజారింది. ఒక ఆదివారం ఆటో ఎక్కితే డ్రైవరు అద్దంలోంచి చూసి, “ఏం మా, ఈ మాత్రం దానికి ఆటోనా? నడిస్తే పోల్యా?” అన్నాడు. తర్వాత ఆమె వెళ్ళలేదు. ఆదోనిలో ఉన్న అక్కకు ఫోనులో చెబితే, స్కానింగులో ఏమీ లేదంటున్నారు కదా, ఊరికే మనసులో పెట్టుకోవద్దని ధైర్యం చెప్పింది. గోడ మీద పతకాలున్న మనిషి కాళ్ళ నొప్పులంటే ఎవరూ నమ్మరు.

ఆమెకు ఇక మిగిలింది గ్రౌండు. రోజూ పొద్దున ఆరింటికి గేటు దాకా నడిచి, లోపలి సిమెంటు మెట్టు మీద కూర్చునేది. నడిచేవాళ్ళు చుట్లు తిరుగుతూ చెయ్యి ఊపేవాళ్ళు. ఒక రిటైర్డ్ టీచరు ప్రతి చుట్టుకూ ఒక వార్త చెప్పి పోయేవాడు. ఏడింటికి మళ్ళీ నూట తొంభై మీటర్లు ఇంటికి. మిగతా రోజంతా ఆమెతో మాట్లాడేది ఆపరేషన్ గది ఒక్కటే.

అందుకే అరవయ్యో కేసు తర్వాత ఆమె పురంధర్‌కు చెప్పేసింది. ఇంకొక్కటి చేస్తాను. తర్వాత కొత్తవాళ్ళకు నేర్పే పని ఇవ్వండి. గ్రౌండు నాకు మిగలాలి.

“మిగులుతుంది,” అన్నాడు పురంధర్. “చివరిదానికి మంచి కాలు చూస్తాను.”

ఆ మంచి కాలు ఓబులేసుది.

ఓబులేసు రైల్వేలో కీమ్యాన్. నంద్యాల దాటాక నల్లమల అడవిలో ఆరు కిలోమీటర్ల పట్టాలు అతని బీటు. రోజూ పొద్దున సుత్తి, స్పానరు, ఎర్రజెండా భుజాన వేసుకుని ఒక పట్టా వెంట పోయి, రెండో పట్టా వెంట తిరిగి వస్తాడు. పట్టాను కదలకుండా పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే కొట్టి బిగిస్తాడు. వయసు యాభై ఏడు. నడవలేని కీమ్యాన్‌ను రైల్వే డాక్టరు లైను దింపి ఏదో ఒక ఆఫీసులో స్టూలు మీద కూర్చోబెడతాడు. ఓబులేసుకు ఆ స్టూలు అంటేనే భయం. నారింజ రంగు కోటులోనే కేంద్రానికి వచ్చాడు.

టెక్నీషియన్ మాబాషా అతన్ని వరండాలో నడిపించాడు. ఎస్తేరు నర్సుల గది కిటికీలోంచి చూస్తోంది. మొదటి స్తంభం దగ్గర ఓబులేసు ఆగి, గొంతుక్కూర్చుని, కింది పలకను వేలి కణుపుతో తట్టి, చెవి దానికి దగ్గరగా పెట్టి విన్నాడు. లేచి నడిచాడు. రెండో స్తంభం దగ్గర మళ్ళీ అదే. మూడోచోటా అదే. నింపాదిగా, అర నిమిషం చొప్పున.

ఏంటిదని మాబాషా అడిగాడు.

“కీ సూస్తాండా సార్. ముప్పై నాలుగేండ్ల అలవాటు. నడిస్తే వంగాల్సిందే, లేకుంటే కాలు ముందుకు పడదు.”

మాబాషా నవ్వాడు. నర్సు సులోచన నవ్వింది. కిటికీలోంచి ఎస్తేరూ నవ్వింది. ఓబులేసు ఆగినా కొలత మాత్రం సాగుతూనే ఉంది. నొప్పి ఉందా అని మాబాషా ప్రతి స్తంభం దగ్గరా అడిగాడు, లేదని ఓబులేసు ప్రతిసారీ చెప్పాడు. మూడు వందల అరవై మీటర్ల దగ్గర మాబాషాకే విసుగొచ్చి ఆపేశాడు.

మూడు వందల అరవై. అంటే మహా అయితే తొమ్మిది మీటర్లు. పురంధర్ సంతకం పెట్టాడు.

మంగళవారం పదకొండింటికి మొదలుపెట్టారు. మొదటి అయిదు నిమిషాలూ గింజ పూడిక మొదట్లోని మెత్తటి భాగంలో పోయింది. ఎస్తేరు పిక్కలో ఎవరో దారం పట్టి మెల్లగా గుంజుతున్నట్టుంది.

“లాగుడు... లాగుడు...”

ఆరో నిమిషంలో గింజ గట్టి భాగాన్ని తాకింది.

ఎస్తేరు నోట్లోంచి మాట రాలేదు. పళ్ళ మధ్య గుడ్డ ఉంటే బాగుండుననిపించింది. అరవై కాళ్ళ నొప్పి ఎరిగిన మనిషి ఆమె. ఇది ఆ లెక్కలోది కాదు. ఇది ఏళ్ళ తరబడి అణిచిపెట్టిన నొప్పి. పిక్కలో మొదలై అరికాలి దాకా, మళ్ళీ తొడ దాకా పాకింది. కాలిని ఎవరో తడిబట్టలా పిండుతున్నారు.

పురంధర్ కళ్ళ ముందు నొప్పిని కొలిచే ముల్లు ఎర్ర గీతను దాటి కొసకు తగిలింది. అతను మీట వదిలేశాడు.

“ఎస్తేరూ. ఇది మూడొందల అరవై కాదు. అరవై కూడా ఉండదు.”

ఎస్తేరుకు అప్పుడు తెలిసింది. స్తంభం స్తంభానికీ గొంతుక్కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు. నొప్పి వచ్చి ఆగడం కాదు, నొప్పి రాకముందే ఆగడం. అడవిలో నడిచే మనిషి ఎక్కడ ఆగినా కీ కొట్టడానికి ఆగినట్టే ఉంటుంది. మేస్త్రీ చూసినా, ఇంజనీరు చూసినా, ఎంత శ్రద్ధగా చూస్తున్నాడో అనుకుంటారు. ఎన్నేళ్ళుగా ఇలా నెట్టుకొస్తున్నాడో. పరీక్ష పెట్టింది రైల్వే డాక్టరు కాదని అతనికి తట్టలేదు. ఇక్కడ నిజం చెబితే ఉద్యోగం పోదని ఎవరూ అతనికి చెప్పనూ లేదు.

“బయటికి తీసేస్తాను,” అన్నాడు పురంధర్. “నువ్వు ఊఁ అను చాలు.”

“తీస్తే?”

అడిగింది గానీ, ఆమెకు తెలుసు. సగం తొలిచిన పూడికను వదిలి గింజను వెనక్కి లాగితే, రాలిన తునకలు కిందికి పోయి పాదంలో అడ్డుపడతాయి. సాయంత్రానికి పాదం నల్లబడుతుంది. రేపటికి మోకాలి కింద కోయాలి.

“ఎంతసేపు ఆగగలరు?”

“ఆగేకొద్దీ గడ్డ కడుతుంది. ఒక నిమిషం.”

ఒక నిమిషం. ఎస్తేరు పైకప్పు చూసింది. అతను అబద్ధం చెప్పాడు. ఆ అబద్ధానికి ఆమె పూచీ ఏమిటి? నియమం రాసింది పురంధర్. కాగితం మీద సంతకం ఉంది. ఊఁ అంటే ఆమెను ఎవరూ తప్పు పట్టరు. గ్రౌండు ఉంటుంది. మెట్టు ఉంటుంది. చుట్టుకో వార్త ఉంటుంది.

అప్పుడు తెర అవతలి నుంచి మత్తులో నానిన గొంతు వినిపించింది.

“సార్... ఎవురో ఏడుస్తాండారు సార్.”

“ఎవరూ లేరు,” అన్నాడు పురంధర్. “నువ్వు పడుకో.”

ఎస్తేరు చెంపలు తుడుచుకుంది. తను ఏడుస్తున్నట్టు ఆమెకు అప్పటిదాకా తెలియదు.

“లాగుడు,” అంది.

మీట కదల్లేదు.

“లాగుడు అంటాండా గదా డాక్టరుగారూ. జరపండి.”

మీట కదిలింది.

తర్వాత నలభై నిమిషాలు ఆ గదిలో ఆ రెండు మాటలు తప్ప ఇంకేమీ వినపడలేదు. మధ్యలో రెండుసార్లు ఆమెకు స్పృహ తప్పబోయింది. సులోచన ముఖాన నీళ్ళు చల్లింది. చివర్లో ఆమె మంటకూ లాగుడుకూ తేడా పోల్చుకోలేని ఒక క్షణం వచ్చింది. అప్పుడు గింజను ఆపించి, రెండు ఊపిర్లు తీసుకుని, మళ్ళీ చెప్పింది. గింజ పూడిక అవతలికి వచ్చి నెత్తుటిలో పడింది. కాలిలోకి రక్తం దిగింది. ఓబులేసు పాదం, నాలుగేళ్ళ తర్వాత, వెచ్చబడింది.

వరండాలో తన వెంట ఎవరూ రావద్దంది. గోడ పట్టుకోకుండా నడిచింది. రెండో స్తంభం దాటింది. మూడోది అందలేదు.

ముప్ఫై ఎనిమిది మీటర్లు.

పురంధర్ తన గదిలో ఆమె ఎదురుగా కూర్చున్నాడు. క్షమించమని అడగబోయి, ఆ మాట ఎంత చిన్నదో తనకే తెలిసి ఆగిపోయాడు. పరీక్ష పద్ధతి మారుస్తానన్నాడు. నడిచేటప్పుడు వంగకూడదు, ఆగిన చోటితో కొలత ముగుస్తుంది. కొత్తగా ఇద్దరు జోళ్ళను తీసుకుంటున్నామని, నేర్చుకోవడానికి వాళ్ళను ఆమె ఇంటికే పంపిస్తానని అన్నాడు.

“వాళ్ళకు చెప్తారా?” అంది ఎస్తేరు.

“ఏం చెప్పాలి?”

“ఏం పోతుందో. మొదటిరోజే చెప్పండి. నలభై ఒకటో కేసు అయినాక కాదు.”

అతను తల ఊపాడు. నెల తిరిగేసరికి, చెప్పాడని తెలిసింది. ఎందుకంటే ఆ ఇద్దరూ రాలేదు.

ముప్ఫై ఎనిమిది మీటర్లలో ఎంత లోకం పడుతుందో ఎస్తేరు టేపు పెట్టి కొలవనక్కరలేకపోయింది. మంచం నుంచి పొయ్యి దగ్గరికి తొమ్మిది. పొయ్యి దగ్గరి నుంచి వీధి గేటుకు ఇరవై రెండు. గేటు దగ్గర ఒక కుర్చీ వేసుకుంది. పాల ప్యాకెట్ గేటుకు తగిలించి పోయేవాళ్ళు. మొదటి వారం గ్రౌండు నుంచి ఇద్దరు వచ్చి పలకరించారు. రిటైర్డ్ టీచరు రెండుసార్లు వచ్చాడు. అతనికి నడుస్తూ మాట్లాడటమే అలవాటు, కూర్చుంటే మాట రాలేదు. మూడోసారి రాలేదు. కేంద్రం వాళ్ళు చక్రాల కుర్చీ పంపిస్తే తలుపు వెనుక మడిచిపెట్టింది. నిక్షేపంలాంటి కాళ్ళున్న మనిషి దాంట్లో కూర్చుని వీధిలోకి వెళ్తే ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పాలో ఆమెకు తెలుసు.

కార్తీకంలో ఒక ఆదివారం గేటు చప్పుడైంది. నారింజ కోటు లేకపోయేసరికి ఆమె వెంటనే పోల్చుకోలేదు. తువ్వాలు మూటలో సీతాఫలాలు పట్టుకుని ఓబులేసు నిలబడి ఉన్నాడు.

“ఎస్తేరమ్మ అంటే నువ్వేనా మా?”

ఆమె ఔనంది. అతను లోపలికి రాలేదు. గేటు లోపల నేల మీదే గొంతుక్కూర్చున్నాడు. తెర అవతల ఏడ్చిందెవరని డిశ్చార్జి అయిన రోజు నుంచీ అడుగుతున్నాడట. ఎవరూ లేరన్నారట. పట్టా మీద సుత్తి దెబ్బ వేసి, అరమైలు అవతల పగులుంటే చెవితో పట్టే మనిషిని నేను, ఆడమనిషి ఏడుపు పట్టలేనా అని పోట్లాడాడట. చివరికి మొన్న పరీక్షకు వచ్చినప్పుడు సులోచన చెప్పేసింది. అంతా చెప్పింది. మీటర్లతో సహా.

“రైల్వే డాక్టరు అనుకుంటి మా. ఆయప్పకు నిజం సెప్తే స్టూలే గతి,” అన్నాడు. “నీకు తగుల్తాదని నాకు తెల్దు.”

ఎస్తేరు పర్వాలేదు అనలేదు, ఎందుకంటే అది నిజం కాదు. సీతాఫలాల మూట అందుకుని అడిగింది.

“ఇప్పుడు ఎంత దూరం నడుస్తాండావు?”

“బీటు మొత్తం.”

“ఆగకుండా?”

“ఆగకుండా పోతే కీలు ఎవురు కొట్టల్ల మా, నువ్వొచ్చి కొడ్తావా?”

అన్నాక అతనే నాలుక కరుచుకున్నాడు. ఎస్తేరుకు మాత్రం నవ్వొచ్చింది. రెండు నెలల్లో మొదటి నవ్వు. ఆ నవ్వు చూసి అతనికి ప్రాణం లేచొచ్చి, బీటు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దున మంచులో పట్టా చల్లగా ఎలా ఉంటుందో, మలుపు దగ్గర టేకాకులు రాలి కంకర కనపడకుండా ఎలా కప్పేస్తాయో, ఎలుగుబంటి పోయిన గుర్తులు ఎలా పోల్చుకోవాలో. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇవన్నీ తనలో తనే చెప్పుకుంటున్నాడట. ఇంటి దగ్గర చెప్పబోతే పెళ్ళాం, “ఆ గొణుగుడు అడవిలోనే పెట్టి రా” అంటుందట.

పోతూ పోతూ ఫోన్ నంబరు అడిగి రాసుకున్నాడు.

మర్నాడు పది గంటలకు ఫోను మోగింది.

“లైను మీద ఉండా మా. ఊరికే ఇను.”

ఎస్తేరు విన్నది. కంకర మీద బూట్ల చప్పుడు. కర్, కర్, కర్. ఆగింది. సుత్తి దెబ్బ. పట్టా మోగి, ఆ మోత సన్నబడి సన్నబడి పోయింది. మళ్ళీ కర్, కర్. ఆమె గేటు దగ్గరి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఆ అడుగుల వేగం, ఎడమ కుడి కాళ్ళ బరువు, ఎక్కడ నేల ఎత్తు పెరిగిందో, అన్నీ ఆమెకు తెలుస్తున్నాయి. ఇరవై కిలోమీటర్లు నడిచిన మనిషికి ఇంకొకరి అడుగు చదవడం రాకుండా ఉండదు. కుడికాలు కుంటడం లేదు. తను తెరిచిన కాలు అది. గట్టిగా పడుతోంది.

ఆ తర్వాత రోజూ పదింటికి ఫోను. ఓబులేసు ఫోను చొక్కా జేబులో పెట్టి, పెద్ద గొంతుతో మాట్లాడుతూ నడిచేవాడు. ఒంటిగంట దాకా. కొన్నిసార్లు ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవాళ్ళు కారు. ఆమె కూరగాయలు తరుగుతుంటే పక్కన ఫోనులో కంకర నలిగేది. మూడు వారాల్లో ఆమెకు బీటంతా వచ్చేసింది. ఎక్కడ వంతెన వస్తే అడుగు చప్పుడు బోలుగా మారుతుందో, ఎక్కడ కొండను కోసిన సందులోకి పోతే గొంతు ప్రతిధ్వనిస్తుందో. మధ్యాహ్నం ఆమె కాళ్ళు తీపులు పెట్టేవి. నడవనే నడవని కాళ్ళకు అలసట. దాన్ని ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, దాచుకుంది.

నాలుగో వారంలో ఒక గురువారం. ఓబులేసు కొండ సందులో ఉన్నాడు. పైనుంచి ఎలుగు రాళ్ళు దొర్లించిన కథ చెబుతున్నాడు. మధ్యలో ఆగి ఒక కీ కొట్టాడు. పట్టా మోగింది. ఆ మోత సన్నబడి పోవాలి. పోలేదు.

ఎస్తేరు కత్తిపీట పక్కకు నెట్టింది.

“అన్నా, బండి.”

“ఈ టైములో బండి యాడిది మా, గూడ్సు పదకొండున్నరకు. అది గాదు, ఆ ఎలుగు ఏం జేసిందంటే—”

“పట్టా దిగు.”

“ఇంటాండవా లేదా నువ్వు—”

“దిగమంటాండా. దిగు.”

ఆ గొంతు అతను తెర అవతలి నుంచి విన్నదే. కంకర గలగలమంది. ఏదో దభీమని పడింది. అంతలోనే హారను, దాని మీద ఇనుప చక్రాల హోరు. ఎస్తేరు ఫోనును చెవికి అదుముకుని, పెట్టె పెట్టెకూ వచ్చే దెబ్బను లెక్కపెట్టింది. యాభై ఎనిమిది. తర్వాత దుమ్ములో గాలి చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

ఆమె పిలవలేదు. పిలిస్తే జవాబు రాకపోతే ఏం చేయాలో ఆమెకు తెలియదు.

“ఉండావా మా?” అంది ఫోను.

“నువ్వుండావా?”

“ఉండా. మోచెయ్యి గీసుకునింది, అంతే. టైముకు ముందే ఇడిసినారు బండిని.” ఆయాసపడుతూ నవ్వాడు. “నీ చెవి బో మంచి చెవి మా. రైల్వేలో ఉండాల్సింది.”

“నా చెవి కాదు. నీ చెవికి ఏమైంది? అరమైలు దూరం పగులు పట్టేవాడివి, బండి చప్పుడు వినపళ్ళేదా?”

అతను కంకరలో సుత్తి వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది.

“నాతో మాట్లాడతాండావు కాబట్టి వినపళ్ళేదు. ముప్పై నాలుగేండ్లు నీ బీటులో నీతో ఎవరూ లేరు, అందుకే బతికుండావు. ఇంగ లైను మీద నుంచి ఫోను చేయొద్దు, అన్నా.”

“జేబులోనే గదా మా పెట్టుకునేది—”

“యాడ పెట్టుకున్నా.”

కంకర మీద అతను కూర్చున్న చప్పుడైంది.

“మరి నీకెట్ల మా? పొద్దంతా ఒక్కదానివే...”

“నూట తొంభై నాలుగు మీటర్లు ఇచ్చినా ఆ కాలికి. బండి కింద పెట్టేదానికి కాదు. కోటు దులుపుకుని లెయ్యి. ఫోను కట్టేసి నడువు.”

ముందుగా కట్టేసింది ఆమే.

ఇంటి నుంచి చేస్తానని అతను మాట ఇచ్చాడు, చేశాడు కూడా. సాయంత్రం ఏడింటికి, మంచం మీద కూర్చుని. తిన్యావా మా అని అడిగేవాడు. తిన్నానని ఆమె చెప్పేది. వెనుక టీవీ మోగేది. నడుస్తుంటే తప్ప అతనికి మాట రాదు. అడుగుల చప్పుడు లేకుండా ఆమెకు అతను ఎవరో తెలియదు. వారానికి రెండుసార్లు అయింది. తర్వాత పండగలకు అయింది.

పొద్దున పది కావస్తుంటే మాత్రం ఎస్తేరుకు ఏ పనీ సాగేది కాదు. మాట తప్పే మనిషి కాడు. అయినా అడవి పెద్దది, ఆరు కిలోమీటర్లు తక్కువ దూరం కాదు, ఏదో ఒకరోజు ఎలుగో నెమలో ఎదురైతే ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తుంది, జేబులోకి చెయ్యి పోతుంది. మోగితే తను ఎత్తకుండా ఉండలేదు.

అందుకని పదికి అయిదు నిమిషాల ముందు ఆమె ఫోను ఆపేసి, బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేసేది. ఒంటిగంటకు, అతను లైను దిగాక, మళ్ళీ తీసేది.